మర్రి నీడ ఎవరి వాటా

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే పాత బాట అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగు రోడ్డును దాటి మొయినాబాద్, చేవెళ్ల వైపు సాగుతుంది. నడక గురించీ సైకిల్ గురించీ మన నగరాలకున్న రెండు మనసులూ ఆ ఒక్క కూడలిలో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి, చేవెళ్ల ప్రయాణం అక్కడ మొదలుపెట్టడమే సబబు. మొదటి మనసు ఔటర్ పక్కనున్న సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు, నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ. నెత్తిన సోలార్ పలకల కప్పు, ఆ కప్పు మీద 16 మెగావాట్ల కరెంటు. ఎండ తగలదు, లారీ అడ్డం రాదు. రెండో మనసు, ఆ ట్రాక్ ముగిసిన చోటు నుంచి పడమటికి పోయే రోడ్డు. తారు అయిపోయిన చోట మట్టి అంచు, ఆ అంచు మీద బస్సు స్టేజికీ బడికీ పొలానికీ నడిచే జనం. సైకిల్‌ను కారు వెనక తగిలించుకుని వచ్చి తొక్కేవాళ్లకు నీడ కట్టిన నగరం, రోజూ నడవక తప్పనివాళ్లకు అడుగు వెడల్పు బాట కూడా వేయలేదు. ట్రాక్ దండగని అనడం లేదు, అలాంటివి ఇంకా రావాలి. కానీ ఈ రోడ్డు మీద సాగినకొద్దీ ఒక సంగతి బలపడుతుంది. నడక వల్లా సైకిల్ వల్లా ఒంటికీ ఊరికీ కలిగే మేలు మనిషి పట్టుదల కంటే రోడ్డు తీరు మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. మనం మాత్రం ఉపదేశమంతా మనిషికి చేసి, రోడ్డును వదిలేస్తున్నాం.

ఒంటి సంగతి ముందు చూద్దాం, అందులో వాదించాల్సింది తక్కువ. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే రూట్లో, ఇంచుమించు ఒకే జీతానికి పనిచేసేవాళ్లు. ఒకరు రోజంతా కూర్చునేవారు, ఇంకొకరు టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగేవారు. గుండెజబ్బు కండక్టర్లలో బాగా తక్కువగా కనిపించింది. 2017లో గ్లాస్గో పరిశోధకులు బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల వివరాలు పరిశీలించారు. సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లలో అకాల మరణం ముప్పు, బస్సులోనో కారులోనో వెళ్లేవాళ్లకన్నా 41 శాతం తక్కువగా తేలింది. నడిచి వెళ్లేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు 27 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సైకిల్ ఎక్కుతారేమో అన్న అనుమానం సరైనదే, అలాంటి తేడాలను వీలైనంతవరకు సరిచేశాకే పరిశోధకులు ఆ లెక్కలు ఇచ్చారు. ఈ రెండు పరిశోధనల్లోనూ మనం సాధారణంగా గమనించనిది ఒకటుంది. ఆ కండక్టర్లు వ్యాయామానికని మెట్లెక్కలేదు, ఆ ఉద్యోగులు జిమ్‌కు బదులుగా సైకిల్ ఎక్కలేదు. పనిలో భాగంగా ఒళ్లు కదిలింది, ఏళ్ల తరబడి కదిలింది. తెల్లవారుజామున లేచి పార్కులో నడవాలన్న తీర్మానం ఉగాదికి మొదలై ఎండలు ముదరకముందే ఆగిపోవచ్చు. ఆఫీసుకో బడికో నడిచే నడక ఆగదు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. 2022 నాటికి పెద్దవాళ్లలో సగం మందికి ఒంటికి చాలినంత కదలిక లేదని, ఆడవాళ్లలో అది 57 శాతమని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ లెక్కగట్టింది. ఇంతమందిని ఉపదేశంతో లేపలేం.

అజీజ్‌నగర్ దాటాక కుడివైపు చిలుకూరుకు దారి చీలుతుంది. నడకకు కారణం ఉంటే జనం ఎంత దూరమైనా నడుస్తారనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ దారిలో దొరకదు. హుండీ లేని ఆ బాలాజీ గుడిలో మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. వీసా కోసం వచ్చిన కుర్రవాళ్లు, వాళ్ల కోసం మొక్కుకున్న తల్లులు చేతిలో అట్టముక్క మీది గళ్లు కొట్టుకుంటూ తిరుగుతారు. పెద్దమనిషికి వేరే వరస లేదు, అందరిదీ ఒకే చుట్టు, ఒకే తొక్కిడి. ఇంటి దగ్గర వీధి చివరి కిరాణా కొట్టుకు స్కూటర్ తీసేవాళ్లే ఇక్కడ కాళ్లు పీకుతున్నా 108 పూర్తి చేస్తారు. దీన్ని భక్తి మహిమ అని వదిలేయవచ్చు, ఆ భాగం నా వాదనకు అందదు కూడా. అయితే ఆ చుట్టులో ఏమేం ఉన్నాయో చూడండి. వాహనం రాని నేల ఉంది, తోడు నడిచే మనుషులు ఉన్నారు, నడిచినందుకు చేరే గమ్యం ఉంది. ఈ మూడూ గుడి ప్రాకారంలో ఉన్నాయి, ప్రాకారం దాటగానే మూడూ లేవు. అందుకే గుడిదాకా కారులో వచ్చి, గుడిలో నడిచి, మళ్లీ కారెక్కి పోతారు.

మళ్లీ పెద్దరోడ్డుకు వస్తే మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా సుమారు 900 మర్రులు ఉన్నాయని ప్రకృతి ప్రేమికులు లెక్కపెట్టారు. నిజాం కాలంలో నాటినవని చెప్పుకుంటారు. అవి పుట్టింది కార్ల కోసం కాదన్నది మాత్రం చెట్ల వరసను చూస్తేనే తెలుస్తుంది. ఎద్దుబండి మీదా కాలినడకనా వెళ్లేవాళ్లకు ఎండలో ఆగేచోటు కావాలి, చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం ఆ అవసరాన్ని లెక్కపెట్టి వేసింది. బాటసారికి చెట్టు నాటడం మన దగ్గర పుణ్యకార్యంగా చెల్లిందే గానీ, నిజానికి అది రోడ్డు ఇంజనీరింగు. తెలంగాణలో ఎండాకాలం నడవడం సాధ్యమా అనేవాళ్లు సూర్యుణ్ణి తప్పుపడుతున్నారు, నిజానికి మారింది నేల. గాలి వేడి ఒక్కటే అయినా, నీడలో ఉన్న మట్టిబాట మీద ఒంటికి తగిలే సెగ వేరు, నల్లటి తారు మీద నడినెత్తి ఎండలో తగిలే సెగ వేరు. పైగా ఎండ తీవ్రత ఏడాదిలో మూడు నెలలు, రోజులో ఆరు గంటలు. మిగిలిన కాలమంతా ఈ దక్కను పీఠభూమి వాతావరణం నడకకు అనువైనదే. ఆ మూడు నెలలకూ మన పెద్దలు జవాబు నాటి పోయారు.

ఇక్కడే అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఎదురొస్తుంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యడం అన్యాయం. 2025 నవంబర్ 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంది. 19 మంది చనిపోయారు. చెట్ల కోసం రోడ్డు విస్తరణను ఆపినందుకే ఇంతమంది పోయారని ఆ రోజు చాలామంది అన్నారు. చెట్లను కాపాడాలన్న వాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడం, పర్యావరణ ప్రభావం అంచనా వేయాలని ట్రిబ్యునల్ చెప్పడం, పనులు ఏళ్ల తరబడి సాగకపోవడం నిజం. డివైడర్ లేని రెండు వరసల రోడ్డు మీద టిప్పర్లూ బస్సులూ ఎదురెదురుగా దూసుకుపోతుంటే ప్రాణాలు పోతాయన్నదీ నిజం. ఈ రోడ్డు మారాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ ప్రమాదం చెప్పే పాఠం వెడల్పు ఒక్కటే అయితే మళ్లీ మోసపోతాం. నాలుగు వరసల రోడ్డు ఎదురెదురు ఢీలను తగ్గిస్తుంది, వేగాన్ని పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వాహనాల సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుంది. కారు వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కు పెరిగితే దాని ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. రోడ్డును వెడల్పు చేసి దాటే చోటు చూపకపోతే, మరణాలు బస్సు సీట్ల నుంచి రోడ్డు అంచుకు మారతాయి. అంచున పోయేవాళ్లు ఒక్కొక్కరుగా పోతారు కాబట్టి మొదటి పేజీకి ఎక్కరు.

ట్రిబ్యునల్‌లో వివాదం 2025 అక్టోబర్ చివర్లో సర్దుబాటుకు వచ్చింది, వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచి విస్తరించాలన్న దారి దొరికింది. మంచిదే. చెట్టును కాపాడటం దగ్గరే చర్చ ఆగిపోవడం మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే అసలు ప్రశ్న దాని తర్వాత వస్తుంది. చెట్టును ఉన్నచోటే ఉంచి రెండో వైపు కొత్త వరసలు వేస్తే, మర్రి వెళ్లి మధ్య డివైడర్‌లో నిలుస్తుంది. అప్పుడు నూరేళ్ల నీడంతా ఏసీ వేసుకుని అద్దాలు బిగించుకున్న కార్ల మీద పడుతుంది. స్టేజికి నడిచే మనిషి మాత్రం కొత్త అంచున, ఒక్క ఆకు కూడా లేని చోట నిలబడాలి. నీడ మిగులుతుంది గానీ దాని హక్కుదారు మారిపోతాడు. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. చెట్లు దట్టంగా ఉన్న చోట పాత తారు ముక్కను సర్వీస్ రోడ్డుగా వదిలేసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఊరి ట్రాక్టర్లకూ ఇచ్చి, వేగంగా పోయే వరసలను చెట్లకు ఒకే పక్కన వేయవచ్చు. అందుకు ఎక్కువ భూమి కావాలి, పరిహారం కావాలి. అది అన్నిచోట్లా కుదరదన్న ఇంజనీర్ల మాటలో నిజం ఉంటుంది. కుదిరే చోట్లనైనా మర్రినీ మనిషినీ ఒకే వైపు ఉంచుదామా అన్న ప్రశ్న వేయాలి కదా.

పొగ సంగతి కొందరు అడుగుతారు. టిప్పర్ల వెనక సైకిల్ తొక్కితే గుండెకు వచ్చే మేలు ఊపిరితిత్తుల్లో పోదా అని. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ లెక్క వేశారు. లండన్ కన్నా పది రెట్లు మురికైన ఢిల్లీ గాలిలో కూడా, కీడు మేలును మించాలంటే వారానికి అయిదు గంటలకు పైగా సైకిల్ తొక్కాలని తేలింది. మొయినాబాద్ దారిలో చాలామంది ప్రయాణాలకు ఆ ప్రశ్నే రాదు.

దీనికన్నా పదునైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని వేసేది పల్లెజనమే. సైకిల్ దిగి మోటార్ సైకిల్ ఎక్కడం మాకు ఎదుగుదల, మీరు కార్లలో తిరుగుతూ మమ్మల్ని మళ్లీ సైకిల్ ఎక్కమంటారా అని. నూటికి నూరుపాళ్లు న్యాయమైన కోపం. చేమంతులో టమాటాలో పండించే రైతుకు తెల్లవారకముందే మెహిదీపట్నం రైతుబజారుకు సరుకు చేరాలి, దానికి సైకిల్ జవాబు కాదు. నేను మాట్లాడేది ఆ ప్రయాణం గురించి కాదు, దానికి ముందూ వెనకా ఉన్న పొట్టి ప్రయాణాల గురించి. ఊరి నుంచి బస్సు స్టేజి దాకా, స్టేజి నుంచి కాలేజీ దాకా, ఇంటి నుంచి బడి దాకా. బండి ఉన్న ఇంట్లో కూడా బండి ఒకటే, దాని తాళం చెవి మగవాడి జేబులో ఉంటుంది. మిగిలిన వాళ్లు నడుస్తారు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లలో దాదాపు నాలుగున్నర కోట్ల మంది నడిచి, రెండున్నర కోట్లకు పైగా సైకిల్ మీద వెళ్తున్నట్టు తేలింది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తే, హైస్కూల్లో వాళ్ల చేరిక 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం చూపింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. అక్కడ సైకిల్ పేదరికానికి గుర్తు కాలేదు, బడి మానకుండా ఆపిన చక్రమైంది. ఇక తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సులు ఉచితం. ప్రతి బస్సు ప్రయాణానికి మొదట ఒక నడక, చివర ఒక నడక ఉంటాయి. టికెట్టుకు డబ్బు పెట్టిన ప్రభుత్వం ఆ రెండు నడకలకూ బాట వేయకపోతే, పథకం స్టేజి దగ్గరే కుంటుతుంది. పొద్దుగుంకాక స్టేజిలో దిగి దీపం లేని అంచున ఊళ్లోకి నడవాల్సిన అమ్మాయి తండ్రికి ఆ భయం తెలుసు, అతను అప్పు చేసి స్కూటీ కొంటాడు. దాన్ని మనం ఆమె ఎంచుకున్న సౌకర్యం అంటాం.

మొయినాబాద్ మండలం ఇంతకాలం పొలాలతో, తోటలతో ఎందుకు మిగిలిందో చెప్పుకోవాలి. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1908 వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టినవవి. వాటి పరీవాహకాన్ని కాపాడాలని 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు సడలించడానికి పూనుకుంది. చెరువుల భవిష్యత్తు వేరే పెద్ద చర్చ. నడక వైపు నుంచి చూస్తే ఇక్కడ ఇంకా నిర్ణయం కాని నేల ఉంది, అలాంటిది నగరం చుట్టూ ఇక ఎక్కువ లేదు. ఇప్పటికైతే ఫాంహౌసులూ రిసార్టులూ ఫంక్షన్ హాళ్లూ వరస కట్టాయి, ఒక్కో ప్రహరీ ఒక్కో ద్వీపం, ద్వీపం నుంచి ద్వీపానికి కారే పడవ. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే తీరు ఇళ్లున్న మూడు వీధులను పోల్చి చూసినప్పుడు, వాహనాలు తక్కువ తిరిగే వీధిలో ఉండేవాళ్లకు, ఎక్కువ తిరిగే వీధివాళ్లకన్నా వీధిలో మూడు రెట్లు స్నేహితులున్నారు. వాహనాలు పెరిగినకొద్దీ జనం గదుల్లోకి ముడుచుకుపోయారు, వీధి తమదన్న భావం తగ్గింది. మన అరుగుల సంస్కృతి ఎలా పోయిందో ఆలోచించేవాళ్లు టీవీని తిడతారు. అరుగు ముందు ఏం తిరగడం మొదలైందో కూడా చూడాలి.

నడక మనుషుల్ని ఎలా కలుపుతుందో చేవెళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కరలేదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖర రెడ్డి తన పాదయాత్ర మొదలుపెట్టింది ఇక్కడే, ఇచ్ఛాపురం దాకా సుమారు 1,500 కిలోమీటర్లు. 2021 అక్టోబర్‌లో ఆయన కూతురు షర్మిల కూడా ఇక్కడి నుంచే నడక మొదలుపెట్టారు. ఇంకా వెనక్కి వెళ్తే 1951లో వినోబా భావే సర్వోదయ సమ్మేళనం కోసం వార్ధా వైపు నుంచి నడిచి వచ్చింది ఈ నగరపు అంచునే ఉన్న శివరాంపల్లికి. అక్కడి నుంచి పోచంపల్లికి కూడా నడిచే వెళ్లాడు, ఏప్రిల్ 18న భూదానం పుట్టింది. హెలికాప్టర్ అందుబాటులో ఉన్న నాయకులు ఎర్రటి ఎండలో ఎందుకు నడుస్తారు? నడిచే మనిషిని ఆపి మాట్లాడొచ్చు, కాన్వాయ్‌ను ఆపలేం. పల్లె ముసలమ్మ తన పింఛను సంగతి చెప్పుకునేది ఆ వేగం దగ్గరే. ఈ లాభం నాయకులకు బాగా తెలుసు, పార్టీ ఏదైనా. నడిచి అధికారానికి వచ్చిన ప్రభుత్వాలు ఫుట్‌పాత్‌ల కోసం ఏం చేశాయని అడిగితే మాత్రం అన్నిటికీ ఇంచుమించు ఒకే మార్కులు పడతాయి. ఎండ సంగతి ఇక్కడ కూడా మరిచిపోకూడదు. స్వయంగా వైద్యుడైన రాజశేఖర రెడ్డే రాజమండ్రి దగ్గర ఆరోగ్యం దెబ్బతిని కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. పట్టుదల ఎంత ఉన్నా నీడ లేని రోడ్డు మనిషిని కింద పడేస్తుంది.

చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు సాగితే ఆలూరు స్టేజి. 2024 డిసెంబర్ 2న అదుపు తప్పిన లారీ ఒకటి అక్కడ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి దూసుకెళ్లి నలుగురి ప్రాణాలు తీసింది. రోడ్డు పక్క అమ్మడం వాళ్ల తప్పని అనేవాళ్లుంటారు. కానీ కొనేవాళ్లు ఆగేది అక్కడే, వేరే చోటు ఎవరూ చూపలేదు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. ఊళ్ల నడుమ నుంచి పోయినంత మేరా జాతీయ రహదారి కూడా వీధే కాబట్టి ఆ మాట ఇక్కడా వర్తించాలి. ఆ లెక్కన ఆలూరుకు కావలసినవి పెద్దవేమీ కావు. రోడ్డు నుంచి వెనక్కి జరిపిన అంగడి అరుగులు, వాటికీ రోడ్డుకూ మధ్య గట్టి రెయిలింగు, ఒక సర్వీస్ రోడ్డు, బస్సు పక్కకు వచ్చి ఆగే చోటు, ఊరివాళ్లు అవతలికి దాటే దగ్గర వేగం తగ్గించే ఏర్పాటు, రెండు దీపాలు. విస్తరణ నక్షాలో వీటిని ముందే గీసుకుంటే అయ్యే ఖర్చు కొంతే. రోడ్డు పూర్తయ్యాక చేర్చాలంటే భూమి మళ్లీ సేకరించాలి, అప్పటికి గజం ధర ఎక్కడికి చేరుతుందో మొయినాబాద్ ప్రహరీల మీద వేలాడే వెంచర్ల బోర్డులు చదివితే చాలు.